మనవాళ్లే, కానీ మనమే రెండుగా చీలిపోయే హాకీ ఆటగాళ్లు

అలిపిరి మెట్లు | ఆదివారం, రాత్రి 9:10

మొన్న సాయంత్రం లీలామహల్ సర్కిల్ దగ్గర మా పాత హాకీ బ్యాచ్ నలుగురం చాలా రోజులకు కలిశాం. టీ చల్లారేలోపే గొడవ మొదలైంది. భారత జట్టు ఫార్వర్డ్ మన్‌దీప్ సింగ్ గురించి. ఒకడేమో "అతని స్థానంలో ఎవర్ని దింపినా ఇంతకంటే ఎక్కువ గోల్స్ కొడతారు" అంటాడు. ఇంకొకడు "మన్‌దీప్ లేకపోతే మన ముందు వరస గోల్ ముందుండే డీలోకి అడుగు కూడా పెట్టలేదు" అంటాడు. ఇద్దరూ ఇరవై ఏళ్లుగా ఒకే జట్టు కోసం గొంతు చించుకున్నవాళ్లే.

ఇంటికొచ్చాక కూడా అదే ఆలోచన. ఎదుటి జట్టుతో ఆడేటప్పుడు మనందరం ఒకటే. మన జట్టులోనే కొందరి పేరెత్తితే మాత్రం రెండు ముక్కలవుతాం. మీ లెక్కలో అట్లాంటివాళ్లు ఎవరు? ఫలానావాడు వేస్ట్ అని ఒక్క ముక్క రాసి పోవద్దు. ఏ మ్యాచ్‌లో ఏం చూసి ఆ అభిప్రాయానికి వచ్చారో రాయండి.

నేను మన్‌దీప్ పక్షం. టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్లో బెల్జియం చేతిలో 2-5తో ఓడాం, నిజమే. కానీ మొదటి క్వార్టర్‌లో మనం 2-1తో ముందున్నాం, ఆ రెండో గోల్ అతనిదే. పారిస్ ఒలింపిక్స్‌లో మొదటి మ్యాచ్ న్యూజిలాండ్ మీద 3-2తో గట్టెక్కినప్పుడు మన ఖాతా తెరిచింది కూడా మన్‌దీపే.

కపిలతీర్థం | ఆదివారం, రాత్రి 9:32

అన్నా, ఫార్వర్డ్‌గా ఆడే మనిషి గోల్స్‌ను ఇట్లా ఒకటీ రెండూ వెతికి చూపించాల్సి వస్తోందంటేనే నా వాదన నెగ్గినట్టు. పతకం తెచ్చిన రెండు మ్యాచ్‌లు చూడండి. టోక్యోలో జర్మనీ మీద 5-4: సిమ్రన్‌జీత్ రెండు, హార్దిక్, హర్మన్‌ప్రీత్, రూపిందర్ తలా ఒకటి. పారిస్‌లో స్పెయిన్ మీద 2-1: రెండూ హర్మన్‌ప్రీత్. మన్‌దీప్ కష్టపడడని నేను అనను. గోల్‌కీపర్ ఎదురుగా బంతి దొరికినప్పుడు అతని స్టిక్ ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తుంది. 2013 నుంచి జాతీయ జట్టులో ఉన్న ఆటగాడికి ఇంకా ఎన్నాళ్లు ఆగాలి?

రేణిగుంట ప్యాసింజర్ | ఆదివారం, రాత్రి 10:05

నాదీ ఒకప్పుడు కపిలతీర్థం తమ్ముడి మాటే. మారింది 2023 ఆగస్టులో, చెన్నైలో ఆసియా చాంపియన్స్ ట్రోఫీ చూసొచ్చాక. పొద్దున రైలెక్కి, మధ్యాహ్నానికి ఎగ్మోర్‌లో స్టేడియం చుట్టుపక్కల తిరుగుతూ గేట్లు తీసేదాకా కాచుకుని కూర్చున్నాం.

స్టాండ్‌లో నా వెనక ఒకాయన మ్యాచ్ మొదలైనప్పటి నుంచి తమిళంలో మన్‌దీప్‌ను తిడుతూనే ఉన్నాడు. విసుగొచ్చి, ఇంతకీ ఈ మనిషి ఏం చేస్తున్నాడో చూద్దామని పది నిమిషాలు బంతిని వదిలేసి మన్‌దీప్ ఒక్కడినే చూశాను. టీవీలో ఇది కుదరదు, కెమెరా బంతి వెంటే పోతుంది. బంతి కుడి వైపు ఉంటే అతను ఎడమకు పరిగెత్తుతాడు, ఒక డిఫెండర్ కూడా వెంట పోక తప్పదు. ఖాళీ అయిన ఆ చోటికి మన మిడ్‌ఫీల్డర్ వస్తాడు. బంతి పోగొట్టుకుంటే అందరికంటే ముందు వెనక్కి తిరిగేది అతనే. స్కోర్‌షీట్‌లో ఇవి ఎక్కడా రాయరు.

మలేసియాతో ఫైనల్లో సగం ఆటకు 1-3తో వెనకబడ్డాం. మూడో క్వార్టర్ చివరి నిమిషంలో హర్మన్‌ప్రీత్, గుర్జంత్ వెంటవెంటనే రెండు కొట్టారు. ఆకాశ్‌దీప్ కొట్టిన నాలుగో గోల్‌తో 4-3. అప్పుడు ఆ తిట్టినాయనే లేచి నన్ను పట్టుకుని ఎగిరాడు.

కపిలతీర్థం | ఆదివారం, రాత్రి 10:14

మీరు చూసింది కాదనను అన్నా. కానీ ఆ ఫైనల్లో కూడా గోల్ కొట్టినవాళ్లలో ఆయన పేరు లేదు కదా.

పాకాల పీఈటీ | ఆదివారం, రాత్రి 10:40

పిల్లలకు హాకీ నేర్పేవాడిగా ఇంకో పేరు చెబుతాను. డిఫెండర్ అమిత్ రోహిదాస్.

2024 ఆగస్టు 4, పారిస్ క్వార్టర్‌ఫైనల్, గ్రేట్ బ్రిటన్. 17వ నిమిషంలో బంతితో పరిగెత్తుతుండగా రోహిదాస్ స్టిక్ పైకి లేచి వెనక వస్తున్న ఆటగాడి మొహానికి తగిలింది. రెడ్ కార్డ్. ఆ రాత్రి మా టీచర్ల వాట్సాప్ గ్రూపులో "కావాలని కొట్టాడు" అని సగం మంది, "అన్యాయం" అని సగం మంది.

నా అభిప్రాయం ఇది. అతను కావాలని కొట్టలేదు. అయినా స్టిక్ ఎక్కడుందో చూసుకోవాల్సిన బాధ్యత దాన్ని పట్టుకున్నవాడిదే. మా గ్రౌండ్‌లో కూడా ఎవరి స్టిక్ భుజం దాటి లేచినా ఆట ఆపేస్తాను. కాబట్టి కార్డు చూపించడంలో నాకు తప్పు కనపడలేదు, ఎరుపు మాత్రం కఠినం అనిపించింది.

కానీ జనం మర్చిపోయే విషయం ఒకటుంది. పెనాల్టీ కార్నర్‌లో ఎదుటివాడు డ్రాగ్‌ఫ్లిక్ చేసేటప్పుడు, అంటే బంతిని స్టిక్‌తో లాగి గోల్ వైపు విసిరేటప్పుడు, గోల్ లైన్ మీద నుంచి బంతికి ఎదురుగా దూకేవాణ్ణి ఫస్ట్ రషర్ అంటారు. బంతి గంటకు వంద కిలోమీటర్లకు పైనే వస్తుంది. మొహానికి మాస్క్, చేతులకు గ్లవ్స్, మోకాళ్లకు గార్డులు ఉంటాయి, అంతే. మన జట్టుకు ఏళ్ల తరబడి ఆ పని చేసింది రోహిదాస్. సస్పెన్షన్ వల్ల సెమీస్‌లో అతను లేడు. జర్మనీ మొదటి గోల్ పైలాట్ పెనాల్టీ కార్నర్ నుంచే కొట్టాడు. 2-3తో ఓడిపోయాం. రోహిదాస్ ఉంటే ఆపేవాడని చెప్పలేను. అతను చేసే పని విలువ ఎంతో ఆ ఒక్క మ్యాచ్‌లో అర్థమైంది.

అలిపిరి మెట్లు | ఆదివారం, రాత్రి 10:52

సార్, ఆ క్వార్టర్‌ఫైనల్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నలభై మూడు నిమిషాలు పదిమందితో 1-1 నిలబెట్టి, ఒక్కొక్కరు గోల్‌కీపర్‌తో తలపడే షూటౌట్‌లో 4-2. ఆ రోజు గోల్‌కీపర్ శ్రీజేష్ లేకపోతే రోహిదాస్‌ను మనవాళ్లు జీవితాంతం క్షమించేవాళ్లు కాదు.

చిత్తూరు రైట్‌వింగ్ | సోమవారం, ఉదయం 6:48

రాత్రి చదివి పడుకున్నాను, నిద్ర పట్టలేదు. నేను ఒప్పుకోవాల్సింది ఒకటుంది. హర్మన్‌ప్రీత్ గురించి.

2023 జనవరి, భువనేశ్వర్, ప్రపంచకప్. సొంత గడ్డ, నిండిన స్టేడియం. న్యూజిలాండ్‌తో క్రాస్‌ఓవర్‌లో, అంటే క్వార్టర్‌ఫైనల్‌కు ముందు మ్యాచ్‌లో, 2-0, తర్వాత 3-1 ముందుండి 3-3 చేసుకున్నాం, షూటౌట్‌లో ఓడిపోయాం. మన మూడు గోల్స్ లలిత్, సుఖ్‌జీత్, వరుణ్‌వి. కెప్టెన్, ప్రపంచంలోనే పేరున్న డ్రాగ్‌ఫ్లికర్ అయిన హర్మన్‌ప్రీత్ పేరు అందులో లేదు. టోర్నమెంట్ పొడవునా పెనాల్టీ కార్నర్లు ఒకదాని తర్వాత ఒకటి వృథా అయ్యాయి. కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా చేశాడు. ఆ రాత్రి నేను హర్మన్‌ప్రీత్ గురించి ఫేస్‌బుక్‌లో రాసింది మా అమ్మ చదివి ఉంటే నాతో మాట్లాడేది కాదు.

ఏడాదిన్నర తర్వాత అదే మనిషి పారిస్‌లో ఎనిమిది మ్యాచ్‌ల్లో పది గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 1972 తర్వాత మొదటిసారి ఓడించాం. కంచు పతకం మ్యాచ్‌లో రెండూ అతనివే. పతకం వేసుకుని అతను నిలబడితే నేను కూడా అందరితో పాటు చప్పట్లు కొట్టాను. ముందు రాసింది తీసేశాను. తీసేసినా రాసిన మాట రాసినట్టే ఉంటుంది లోపల.

అతను మారాడా, నా చూపు మారిందా అని చాలాసార్లు ఆలోచించాను. భువనేశ్వర్ వీడియోలు మళ్లీ చూస్తే ఒకటి తెలిసింది. ప్రతి జట్టూ అతని కోసమే ప్రత్యేకంగా సిద్ధమై వచ్చింది, రషర్ నేరుగా అతని లైన్‌లోకే వచ్చేవాడు. మన దగ్గర మార్చి ఆడే వేరియేషన్లు తక్కువ. ఆ తప్పు ఒక్కడిది కాదు, కానీ తిట్లన్నీ ఒక్కడికే.

పాతకాలం హాకీ | సోమవారం, ఉదయం 11:20

మీరంతా ఈ మధ్య సంగతులు రాస్తున్నారు. మా కాలంలో ఈ చీలిక అంటే ధన్‌రాజ్ పిళ్లైనే.

1998 డిసెంబర్‌లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1966 తర్వాత అదే మొదటిది, 32 ఏళ్లు. ధన్‌రాజ్ కెప్టెన్. దక్షిణ కొరియాతో ఫైనల్ పెనాల్టీ స్ట్రోక్‌ల దాకా పోతే గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ నిలబెట్టాడు. ఆ తర్వాత ధన్‌రాజ్‌ను, బల్లాల్‌ను, ఇంకా కొందరిని జట్టు నుంచి తీసేశారు. విశ్రాంతి ఇచ్చామన్నారు. ఆటగాళ్ల డబ్బుల గురించి నోరు విప్పినందుకే అని మేమంతా నమ్మాం, ఇప్పటికీ నమ్ముతున్నాను.

మా ఆఫీసులో దీని మీద రెండు వర్గాలు. "అంత కోపమున్న మనిషి జట్టును చెడగొడతాడు" అని ఒక వర్గం. "ఆ కోపమే లేకపోతే ఆ పరుగు ఉండదు" అని మా వర్గం. నాలుగు ఒలింపిక్స్, నాలుగు ప్రపంచకప్‌లు ఆడిన మనిషి. 2004 ఏథెన్స్‌లో చివరి మ్యాచ్‌లో అతనికి మైదానంలో దొరికింది చాలా కొద్ది సమయం. ఆ రోజు నేను అన్నం ముట్టలేదు.

ఆ తరంలోనే మన తెలుగువాడు ముకేష్ కుమార్ కూడా మూడు ఒలింపిక్స్ ఆడాడు: 1992, 1996, 2000. సిడ్నీలో పోలండ్‌తో చివరి రెండు నిమిషాల్లో గోల్ ఇచ్చి 1-1 చేసుకోవడంతో సెమీస్ పోయిన రోజు కూడా ఎవరి మీద పడాలో తెలియక జనం ఒక్కొక్కరి మీద పడ్డారు.

డ్రాగ్‌ఫ్లికర్ సందీప్ సింగ్ గురించి ఎవరూ రాయలేదే? 2006లో రైల్లో తూటా తగిలి, మంచం నుంచి లేచి మళ్లీ దేశానికి ఆడినవాడు. 2012 ఫిబ్రవరిలో ఢిల్లీ క్వాలిఫయర్ ఫైనల్లో ఫ్రాన్స్ మీద 8-1, అందులో ఐదు అతనివే. అదే ఏడాది లండన్‌లో ఒక్క మ్యాచ్ గెలవక పన్నెండో స్థానంలో, అంటే చిట్టచివరన నిలిచాం. "పెనాల్టీ కార్నర్ రాకపోతే సందీప్ ఎందుకు?" అన్నవాళ్లు, "సందీప్ లేకపోతే లండన్ టికెట్టే లేదు" అన్నవాళ్లు. ఇద్దరి మాటా నిజమే కాబట్టి ఆ గొడవ తెగలేదు.

ప్యాడ్స్ అక్క | సోమవారం, మధ్యాహ్నం 2:15

ఇంతసేపూ చదివాను. ఒక్క ఆడపిల్ల పేరు రాలేదు. మన జిల్లా నుంచి దేశానికి ఆడిన అమ్మాయి ఉండి కూడా.

ముందు మహిళల జట్టు కెప్టెన్‌గా ఉన్న రాణి రాంపాల్ గురించి. 2019 నవంబర్, భువనేశ్వర్, అమెరికాతో టోక్యో క్వాలిఫయర్. మొదటి మ్యాచ్ 5-1 గెలిచాం. రెండోరోజు అమెరికా నాలుగు కొట్టేసి లెక్క సమం చేసింది. అప్పుడు రాణి కొట్టిన ఒక్క గోల్‌తో రెండు మ్యాచ్‌లు కలిపి 6-5 అయి టోక్యో వెళ్లాం. అక్కడ నాలుగో స్థానం. ఆ తర్వాత గాయాలు, 2022 ప్రపంచకప్ జట్టులో పేరు లేదు. కోచ్ షాప్‌మన్ కావాలనే పక్కన పెట్టిందని కొందరు, ఫిట్‌నెస్ లేకపోతే పేరు చూసి తీసుకోలేరని కొందరు. నేను మొదటి వర్గంలో ఉన్నాను, కోపంతోనే ఉన్నాను. 2024 జనవరిలో రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ పోగొట్టుకున్నప్పుడు ఆ కోపం ఇంకా పెరిగింది.

చిత్తూరు రైట్‌వింగ్ | సోమవారం, మధ్యాహ్నం 2:31

అక్కా, అసలు విషయానికి వచ్చారు. ఎతిమర్పు రజని. మన ఎర్రావారిపాళెం మండలం యనమలవారిపల్లె అమ్మాయి. సవిత ఉన్నన్నాళ్లూ రెండో గోల్‌కీపరే. టోక్యోకు రిజర్వ్‌గానే వెళ్లింది. రాంచీ జట్టులో లేదు. అదే నెలలో మస్కట్‌లో హాకీ ఫైవ్స్ ప్రపంచకప్‌కు కెప్టెన్‌గా వెళ్లి జట్టును ఫైనల్ దాకా తీసుకెళ్లింది, రజతం. మన పిల్ల ఉత్తరాది పిల్ల అయి ఉంటే మొదటి కీపర్ అయ్యేదని నా గట్టి నమ్మకం.

కపిలతీర్థం | సోమవారం, మధ్యాహ్నం 2:50

అన్నా, మనూరి అభిమానం నాకూ ఉంది. కానీ సవిత ఏం చేసిందో చూడకుండా ఈ మాట అనడం తప్పు. 2017 ఆసియాకప్ ఫైనల్లో చైనాతో షూటౌట్ ఆపింది సవిత. టోక్యో క్వార్టర్‌ఫైనల్లో ఆస్ట్రేలియా మీద 1-0 గెలిస్తే, గుర్జీత్ గోల్ ఎంతో సవిత గోడలా నిలబడటం అంతే. అంతర్జాతీయ సమాఖ్య వరుసగా 2021, 2022, 2023ల్లో ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపిక చేసింది. ఆమె ఉండగా ఇంకెవర్ని దింపుతారు? ఉత్తరాది, దక్షిణాది అంటే మరి శ్రీజేష్ ఎక్కడివాడు? కేరళ.

హాకీ ఫైవ్స్ అంటే చిన్న కోర్టు, జట్టుకు ఐదుగురే. రజతం గొప్పదే, కానీ ఫైనల్లో నెదర్లాండ్స్ చేతిలో 2-7. దాన్ని రాంచీతో పోల్చలేం.

చిత్తూరు రైట్‌వింగ్ | సోమవారం, మధ్యాహ్నం 3:02

ఉత్తరాది మాట వెనక్కి తీసుకుంటున్నా తమ్ముడూ. శ్రీజేష్ గుర్తుకు రాలేదు. కానీ అవకాశమే ఇవ్వకుండా ఎవరు మేలో ఎట్లా తేలుస్తారు అనేది మాత్రం వదలను.

ప్యాడ్స్ అక్క | సోమవారం, రాత్రి 8:20

దీనికి నేను జవాబు చెప్పగలను. ఎందుకంటే నేను కూడా రెండో గోల్‌కీపర్‌నే.

జిల్లా జట్టుకు మూడేళ్లు వెళ్లాను. మొత్తం మీద గోల్‌లో నిలబడింది రెండు మ్యాచ్‌లు. మిగతా రోజులన్నీ ప్యాడ్స్, పాదాలకు కిక్కర్స్, చెస్ట్ గార్డ్ అన్నీ తొడుక్కుని ఎండలో బెంచ్ మీద. మిగతా ఆటగాళ్లను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఐదు నిమిషాలు ఆడి వస్తారు, మళ్లీ పోతారు. గోల్‌కీపర్‌ను మామూలుగా అట్లా మార్చరు. మొదటి కీపర్‌కు దెబ్బ తగిలితేనే నీకు ఆట. ఆ ఆలోచన మనసులోకి రావడం ఎంత బాధో మీకు తెలియదు. తోటి పిల్లకు దెబ్బ తగలాలని కోరుకోలేవు, ఆడకుండా ఉండనూ లేవు.

ఒలింపిక్స్ జట్టు పదహారు మందే. రెండో కీపర్‌ను తీసుకుంటే ఒక ఫీల్డ్ ప్లేయర్ తగ్గుతుంది. అందుకే పారిస్‌కు శ్రీజేష్ ఒక్కడే వెళ్లాడు, క్రిషన్ పాఠక్ రిజర్వ్. రజని టోక్యోలో ఉండిపోయింది కూడా ఆ చోటులోనే. ఇది ఎవరో ఒకరు పగబట్టి చేసింది కాదు, ఆ స్థానమే అట్లాంటిది. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్‌లో కంచు గెలిచిన జట్టులో సవితతో పాటు రజని కూడా ఉంది. న్యూజిలాండ్‌తో షూటౌట్‌లో గోల్‌లో సవిత. ఆ ఐదు నిమిషాలు రజని చేతులు ఎట్లా వణికి ఉంటాయో నేను ఊహించగలను.

సవిత మేలా, రజని మేలా అని నన్ను అడిగితే సవితే అంటాను. అది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. మన పిల్లను అభిమానించడానికి సవితను తగ్గించక్కర్లేదు. ఒక పల్లె నుంచి పోయి, అంత గొప్ప కీపర్ వెనక ఏళ్ల తరబడి సిద్ధంగా నిలబడింది. నేను మూడేళ్లకే మానేశాను.

చిత్తూరు రైట్‌వింగ్ | సోమవారం, రాత్రి 8:41

అక్కా, మీరు రాసింది మా ఇంట్లో గట్టిగా చదివి వినిపించాను.

పాకాల పీఈటీ | సోమవారం, రాత్రి 9:05

అమ్మా, సరిగ్గా ఈ విషయమే నేను వారం నుంచి టెన్షన్ పడుతున్నాను. అడగడానికి ఇదే చోటు అనిపిస్తోంది. మా బాలికల జట్టులో ఇద్దరు గోల్‌కీపర్లు. పెద్దమ్మాయి పెనాల్టీ కార్నర్లు బాగా ఆపుతుంది, గొంతు కూడా పెద్దది, వెనక నుంచి డిఫెన్స్ మొత్తాన్ని నడిపిస్తుంది. చిన్నది ఎనిమిదో తరగతి. షూటౌట్‌లో ఎదుటివాళ్లకు ఇచ్చే ఎనిమిది సెకన్లూ తొందరపడకుండా ఆగి, ఎదుటి పిల్లే తప్పు చేసేదాకా నిలబడుతుంది. ఆ ఓపిక నేర్పితే వచ్చేది కాదు. వచ్చే వారం మ్యాచ్‌లు. స్కూల్లో అప్పుడే పెద్దమ్మాయి పార్టీ, చిన్నమ్మాయి పార్టీ అని విడిపోయారు. ఎవర్ని దించాలి?

కపిలతీర్థం | సోమవారం, రాత్రి 9:12

పెద్దమ్మాయినే, సార్. షూటౌట్ వస్తుందో రాదో, పెనాల్టీ కార్నర్లు మాత్రం ప్రతి మ్యాచ్‌లో వస్తాయి.

రేణిగుంట ప్యాసింజర్ | సోమవారం, రాత్రి 9:20

దేశాల మధ్య జరిగే ప్రో లీగ్‌లో శ్రీజేష్, పాఠక్ క్వార్టర్ల వారీగా మారి ఆడేవారు కదా సార్. లీగ్ మ్యాచ్‌ల్లో మీరూ అట్లా చేయొచ్చు.

ప్యాడ్స్ అక్క | సోమవారం, రాత్రి 9:36

మార్చి ఆడించండి, కానీ ఎవరు ఎప్పుడు ఆడతారో మీరే ఇద్దరికీ ముందు రోజే చెప్పండి సార్, ఇద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టి. మాకు ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. జెర్సీలు పంచేటప్పుడు చూసుకుని తెలుసుకునేవాళ్లం. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆడకపోవడం కంటే అదే.

పాకాల పీఈటీ | మంగళవారం, సాయంత్రం 5:50

ఈరోజు ప్రాక్టీస్ అయ్యాక ఇద్దర్నీ గోల్‌పోస్ట్ దగ్గర కూర్చోబెట్టి చెప్పాను. లీగ్‌లో మొదటి రెండు క్వార్టర్లు పెద్దమ్మాయి, తర్వాతి రెండు చిన్నమ్మాయి. నాకౌట్‌లో పెద్దమ్మాయి, షూటౌట్ దాకా పోతే చిన్నమ్మాయి దిగుతుంది. పెద్దమ్మాయి మొహం కొంచెం చిన్నబోయింది. కాసేపటికి తనే లేచి చిన్నదాని కిక్కర్ పట్టీ లూజుగా ఉందని బిగించింది. మాకున్నది ఒక్క హెల్మెట్, ఇద్దరికీ అదే. చిన్నదానికి కాస్త పెద్దదవుతోంది. తిరుపతిలో ఎవరి దగ్గరైనా పాత చిన్న సైజు గోల్‌కీపర్ హెల్మెట్ ఉంటే ఇక్కడే చెప్పండి, నేనే వచ్చి తీసుకుంటాను.

ప్యాడ్స్ అక్క | మంగళవారం, సాయంత్రం 6:04

నాది ఉంది సార్. అటక మీద. రేపు తీసి తుడిచి పెడతాను.